సంతాన చికిత్సల ఫలితాలను పోల్చి చెప్పే పద్ధతిపై సర్వసభ్య సమావేశం తీర్మానం

పిల్లల కోసం చికిత్స పొందుతున్నవారు, పొందినవారు, ఆ చికిత్స చేస్తున్న వైద్యులు, నర్సులు, ల్యాబ్ నిపుణులు, ఆశా కార్యకర్తలు, మహిళా పొదుపు సంఘాల ప్రతినిధులు సభ్యులుగా ఉన్న ఈ సభ, సంతానలేమి చికిత్సల్లో ఏది ఎవరికి ఎంతవరకు పనిచేస్తుందన్న విషయాన్ని పరిశీలించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

మొదటి భాగం: పీఠిక

1. ఈ సభ గుర్తిస్తున్నది: ఏ గర్భనిరోధక పద్ధతీ పాటించకుండా పన్నెండు నెలలు కాపురం చేసినా గర్భం రాకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమిగా నిర్వచించింది. వయోజనుల్లో సుమారు 17.5 శాతం మంది, అంటే ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. ఇది ఒక వ్యాధి. పూర్వజన్మ ఫలమూ కాదు, ఇంటికి వచ్చిన కోడలి దోషమూ కాదు.

2. ఈ సభ గుర్తిస్తున్నది: సంతానలేమికి కారణం దంపతుల్లో ఎవరిలోనైనా ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. పరీక్షించిన జంటల్లో దాదాపు సగం చోట్ల పురుషుడి వైపు లోపం ఒక్కటే కారణంగానో, మరో కారణంతో కలిసో కనిపిస్తుంది. అందువల్ల చికిత్స పొందేది జంట. ఫలితాన్ని లెక్కించవలసింది కూడా జంటను బట్టే.

3. ఈ సభ స్మరిస్తున్నది: ల్యాబ్‌లో అండాన్ని ఫలదీకరించి, ఏర్పడిన పిండాన్ని గర్భసంచిలో పెట్టే ఐవీఎఫ్ పద్ధతిలో ప్రపంచపు తొలి బిడ్డ 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి వల్ల మన దేశపు తొలి ఐవీఎఫ్ బిడ్డ పుట్టింది. ఆయన పనిని ఆధారాలతో తేల్చవలసినవారు అధికారంతో తోసిపుచ్చారు. ఆయన 1981లో ప్రాణం తీసుకున్నారు. 1986 ఆగస్టు 6న ముంబైలో పుట్టి, అప్పట్లో దేశపు తొలి ఐవీఎఫ్ బిడ్డగా గుర్తింపు పొందిన బిడ్డకు కారకుల్లో ఒకరైన టి.సి. ఆనంద్ కుమార్, తర్వాతి కాలంలో ముఖర్జీ రాతప్రతులను పరిశీలించి, తొలి గౌరవం ఆయనదేనని స్వయంగా ప్రకటించారు. ఈ రంగంలో మాట చెల్లవలసింది ఆధారానికేనని, హోదాకో ప్రచారానికో కాదని ఈ సభ ఆ చరిత్ర నుంచి గ్రహిస్తున్నది.

4. ఈ సభ గమనిస్తున్నది: ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు ఐవీఎఫ్ కృషికి 2010లో నోబెల్ బహుమతి లభించింది. అంతటి విద్య నేడు మన పట్టణాల్లో వీధి మలుపున అందుబాటులో ఉంది. విద్య చేరువైంది గాని, దాని ఫలితాల గురించిన నిజమైన సమాచారం దంపతులకు ఇంకా చేరువ కాలేదు.

రెండవ భాగం: ఫలితాన్ని కొలవవలసిన తీరు

5. ఈ సభ స్పష్టం చేస్తున్నది: సంతాన చికిత్సకు ఫలితం అంటే సజీవ జననం. రక్తపరీక్ష పాజిటివ్ రావడం, స్కానింగులో గుండె చప్పుడు వినిపించడం దారిలోని మజిలీలు. వాటిని ఫలితంగా చూపితే మధ్యలో పోయిన గర్భాలు లెక్కలోంచి జారిపోతాయి.

6. ఈ సభ స్పష్టం చేస్తున్నది: ఎంతమందిలో ఫలితం వచ్చిందో చెప్పకుండా చెప్పే శాతానికి అర్థం లేదు. దిగుబడి లెక్కలో విత్తిన పొలమంతా చేరాలి గాని, పండిన మడి ఒక్కటే కాదు. ఐవీఎఫ్‌లో అండాల కోసం ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ప్రతి మహిళా లెక్కలో ఉండాలి. అండాలు రాక ఆగినవారిని, పిండాలు ఎదగక ఆగినవారిని విడిచిపెట్టి, పిండ బదిలీ దాకా చేరినవారిలో మాత్రమే శాతం కడితే ఆ సంఖ్య పెద్దదవుతుంది, నిజం చిన్నదవుతుంది.

7. ఈ సభ స్పష్టం చేస్తున్నది: మహిళ వయసు చెప్పని ఫలితాల పట్టిక చెల్లదు. సొంత అండాలతో చేసే ఐవీఎఫ్‌లో ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది వయసే. బ్రిటన్ నియంత్రణ సంస్థ ప్రకటిస్తున్న లెక్కల ప్రకారం 35 ఏళ్ల లోపు మహిళల్లో బదిలీ చేసిన పిండాల్లో సుమారు మూడో వంతు సజీవ జననాలకు దారితీస్తున్నాయి. 43, 44 ఏళ్లకు వచ్చేసరికి అది 5 శాతం దరిదాపులకు పడిపోతున్నది. ఈ రెండు వర్గాలనూ కలిపి సగటు చెప్పడం ఇద్దరికీ అన్యాయం.

8. ఈ సభ స్పష్టం చేస్తున్నది: ఒక్క ప్రయత్నపు ఫలితంతో పాటు వరుస ప్రయత్నాల మొత్తం ఫలితాన్నీ చెప్పాలి. బ్రిటన్‌లో లక్షన్నరకు పైగా మహిళల రికార్డులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి ప్రయత్నంలో సజీవ జననం 29.5 శాతం. ఆరు ప్రయత్నాలు పూర్తయ్యేసరికి, ఆగిపోయినవారి అవకాశాలను సవరించి అంచనా వేస్తే, అది 65.3 శాతం. మొదటిసారి విఫలమైనంత మాత్రాన దారి మూసుకుపోదు. ఆరుసార్లు ప్రయత్నించినా ప్రతి ముగ్గురిలో ఒకరికి బిడ్డ దక్కకపోవచ్చు. దంపతులకు ఈ రెండు మాటలూ చెప్పాలి.

9. ఈ సభ స్పష్టం చేస్తున్నది: ఏ చికిత్సనైనా, ఆ చికిత్స లేకపోతే ఏమయ్యేదన్న లెక్కతో పోల్చాలి. మహిళ వయసు 40 లోపు ఉన్న జంటల్లో 80 శాతానికి పైగా ఏడాదిలోపు గర్భం వస్తుంది. మిగిలినవారిలో సుమారు సగం మందికి రెండో ఏడాది వస్తుంది. ఆ రెండో ఏడాదిలో ఏ మందు వాడినా, ఏ మొక్కు మొక్కినా ఆ ఫలితం దాని ఖాతాలో పడుతుంది. లాటరీ పద్ధతిన రెండు వర్గాలుగా విభజించి చేసిన పరీక్షలే ఈ పొరపాటును తొలగించగలవు.

10. ఈ సభ స్పష్టం చేస్తున్నది: లాభంతో పాటు హానినీ అదే పట్టికలో చూపాలి. కవలలు, ముగ్గురు బిడ్డలు, నెలలు నిండని కాన్పు, అండాశయాలు మితిమీరి స్పందించి కడుపులో నీరు చేరడం, మధ్యలో ఆగిన ప్రయత్నాలు, అయిన ఖర్చు, పట్టిన కాలం, ఇవన్నీ ఫలితంలో భాగమే.

మూడవ భాగం: చికిత్సలపై సభ వైఖరి

11. అండం సక్రమంగా విడుదల కాని పీసీఓఎస్ విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: 750 మంది మహిళలపై అమెరికాలో జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో లెట్రోజోల్ వాడినవారిలో సజీవ జననం 27.5 శాతం, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం. చవకగా దొరికే మాత్రలతో ఈ ఫలితం వస్తున్నప్పుడు, కారణం పీసీఓఎస్ ఒక్కటే అయిన యువ జంటను నేరుగా ఐవీఎఫ్‌కు పంపడం సమర్థనీయం కాదు.

12. అదే విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: 626 మందిపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో మధుమేహపు మందైన మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవారిలో సజీవ జననం 7.2 శాతం, క్లోమిఫిన్ వాడినవారిలో 22.5 శాతం. మెట్‌ఫార్మిన్‌కు దాని ప్రయోజనాలు దానికున్నాయి. బిడ్డ కోసం దాన్నొక్కదాన్నే నెలల తరబడి వాడించడం కాలయాపన.

13. ఈ సభ గమనిస్తున్నది: సంతాన చికిత్సలో లెట్రోజోల్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించి 2017లో ఆ నిషేధాన్ని తొలగించింది. మధ్యలో పోయిన కాలం మహిళల వయసులో కలిసిపోయింది. నిషేధించడానికైనా అనుమతించడానికైనా ఆధారాలను వెంటవెంటనే సమీక్షించవలసిన అవసరాన్ని ఈ ఉదంతం చూపుతున్నది.

14. కారణం తెలియని సంతానలేమి విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: నెదర్లాండ్స్‌లో 253 జంటలపై జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో, సహజంగా గర్భం వచ్చే అవకాశం ఒక మాదిరిగా ఉన్నవారికి ఆరు నెలల పాటు ఇంజెక్షన్లతో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం) చేస్తే కొనసాగిన గర్భాలు 23 శాతం, ఏమీ చేయకుండా వేచి ఉన్నవారిలో 27 శాతం. న్యూజీలాండ్‌లో 201 జంటలపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, ఆ అవకాశం తక్కువగా ఉన్నవారికి అండం విడుదలకు మాత్రలిచ్చి ఐయూఐ చేస్తే సజీవ జననం 31 శాతం, వేచి ఉన్నవారిలో 9 శాతం.

15. పై రెండు ఫలితాలూ పరస్పర విరుద్ధం కావని ఈ సభ స్పష్టం చేస్తున్నది. పెళ్లయి కొద్దికాలమే అయిన చిన్న వయసు జంటకు కొంతకాలం ఓపిక పట్టడమే చికిత్స. ఏళ్లు గడిచి అవకాశం సన్నగిల్లిన జంటకు ఐయూఐ నిజమైన మేలు. ఏ జంట ఏ వర్గంలో ఉందో తేల్చి చెప్పడం వైద్యుడి మొదటి బాధ్యత. వేచి ఉండమని చెప్పడం చికిత్స నిరాకరించడం కాదు.

16. ఇంజెక్షన్ల విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: కారణం తెలియని సంతానలేమి గల 900 జంటలపై ఐయూఐతో జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో సజీవ జననం గొనడోట్రోపిన్ ఇంజెక్షన్లతో 32.2 శాతం, క్లోమిఫిన్‌తో 23.3 శాతం, లెట్రోజోల్‌తో 18.7 శాతం. అయితే ఇంజెక్షన్లతో వచ్చిన గర్భాల్లో దాదాపు మూడో వంతు ఒకరికి మించి బిడ్డలున్నవి. మొదటి సంఖ్య చెప్పి రెండోది దాచడం దంపతులను తప్పుదారి పట్టించడమే. పీసీఓఎస్‌లో మెరుగైన మందు కారణం తెలియని వారిలో మెరుగు కాలేదన్న సంగతి కూడా ఇక్కడ గమనార్హం. మందును జబ్బును బట్టి పోల్చాలి.

17. అండవాహికల (ట్యూబుల) విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: నెదర్లాండ్స్‌లో 1,119 మందిపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ట్యూబుల ఎక్స్‌రే పరీక్షకు నూనె ఆధారిత ద్రవం వాడినవారిలో తర్వాతి ఆరు నెలల్లో 39.7 శాతం మందికి, నీటి ఆధారిత ద్రవం వాడినవారిలో 29.1 శాతం మందికి గర్భం నిలిచింది. నీరు చేరి ఉబ్బిన ట్యూబును ఐవీఎఫ్‌కు ముందు తొలగిస్తేనో మూసివేస్తేనో ఫలితం మెరుగుపడుతుంది. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. దాన్ని సకాలంలో గుర్తించి పూర్తి చికిత్స చేయడం సంతానలేమి నివారణే.

18. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తర్వాత మళ్లీ బిడ్డను కోరేవారి విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత మహిళల్లో సుమారు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి ఇది చిన్న వయసులోనే జరుగుతున్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మళ్లీ తల్లి కావాలనుకున్నప్పుడు ఆమె ముందు రెండు దారులున్నాయి. వయసు తక్కువై, ట్యూబు తగినంత మిగిలి, భర్త వీర్య పరీక్ష సవ్యంగా ఉంటే ట్యూబులను తిరిగి కలిపే రీకానలైజేషన్ మంచి దారి. ఒకసారి కలిపితే నెలనెలా అవకాశం ఉంటుంది. వయసు పైబడినా, ట్యూబు దెబ్బతిన్నా, వీర్యంలో లోపమున్నా ఐవీఎఫ్ మేలు. మొదటి దారి ఉందని చెప్పకుండా రెండోదానికి తీసుకెళ్లడాన్ని ఈ సభ తప్పుబడుతున్నది.

19. పురుషుల విషయంలో ఈ సభ స్పష్టం చేస్తున్నది: వీర్య పరీక్ష చవకైనది, నొప్పి లేనిది. అది జరగకుండా మహిళకు ల్యాపరోస్కోపీ చేయడం, నెలల తరబడి మందులు మింగించడం ఆమోదయోగ్యం కాదు. ఒక్క పరీక్షలో తేడా వస్తే మరోసారి చేసి నిర్ధారించుకోవాలి. వీర్యంలో కణాలే లేని పురుషులకు కూడా, అడ్డంకి వల్ల ఆగినట్లయితే, వృషణం నుంచి కణాలను తీసి ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) చేసే అవకాశం ఉంది.

20. ఇక్సీ విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: 1992లో బెల్జియం వైద్యులు లోకానికి అందించిన ఈ పద్ధతి పురుష లోపానికి గొప్ప పరిష్కారం. వీర్యం మామూలుగా ఉన్న జంటల్లో మాత్రం దానివల్ల అదనపు మేలు లేదని వియత్నాంలో వెయ్యికి పైగా జంటలపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్ష తేల్చింది. అవసరం లేనిచోట ఇక్సీ చేసి బిల్లులో చేర్చడం అదనపు భారమే.

21. పిండాల సంఖ్య విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: స్కాండినేవియా దేశాల్లో 36 ఏళ్ల లోపు మహిళలపై జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో ఒకేసారి రెండు పిండాలు పెట్టినవారిలో సజీవ జననం 42.9 శాతం. ఒకటి పెట్టి, అవసరమైతే తర్వాత గడ్డకట్టించి దాచిన మరొకటి పెట్టినవారిలో 38.8 శాతం. ఆ కాన్పుల్లో ఒకరికి మించి బిడ్డలు పుట్టినవి మొదటి వర్గంలో 33.1 శాతం, రెండో వర్గంలో 0.8 శాతం. ఫలితంలో స్వల్ప తేడా కోసం తల్లినీ బిడ్డలనూ అంత ప్రమాదంలోకి నెట్టరాదు. కవలలు పుడితే ఒకే ఖర్చుతో పని పూర్తవుతుందన్న మాటను ఏ వైద్యుడూ ప్రోత్సహించరాదు.

22. పిండాలను గడ్డకట్టించి తర్వాత పెట్టే పద్ధతి విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: చైనాలో పీసీఓఎస్ ఉన్నవారిపై జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో దీనివల్ల సజీవ జననం 42.0 నుంచి 49.3 శాతానికి పెరిగింది, అండాశయాలు మితిమీరి స్పందించే ప్రమాదం తగ్గింది. పీసీఓఎస్ లేనివారిపై చైనా, వియత్నాంలలో జరిపి 2018లో ప్రచురించిన రెండు పరీక్షల్లో అలాంటి మేలు కనిపించలేదు. అందువల్ల దీన్ని అందరికీ ఒకే మూసగా అమలు చేయరాదు.

23. అదనపు సేవల విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: గర్భసంచి లోపలి పొరను గీకే ప్రక్రియ చాలా ఏళ్లు ప్రచారంలో ఉంది. 1,364 మందిపై జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో గీకినవారిలోనూ గీకనివారిలోనూ సజీవ జననం 26.1 శాతమే. పిండాల క్రోమోజోముల పరీక్ష మంచి అవకాశాలున్న యువతుల్లో మొత్తం ఫలితాన్ని పెంచలేదని చైనాలో 1,212 మందిపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్ష చెప్పింది. పరీక్ష చేసినవారిలో 77.2 శాతం, చేయనివారిలో 81.8 శాతం. రుజువు కాని ప్రక్రియను పరిశోధనగా చేయవచ్చు. ప్యాకేజీలో సరుకుగా అమ్మరాదు.

24. వయసు, దాత అండాల విషయంలో ఈ సభ గుర్తిస్తున్నది: 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 70 ఏళ్లు దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవలలను కన్నారన్న వార్త దేశమంతా పాకింది. అక్కడ వాడినవి దాత అండాలన్న సంగతి చాలామందికి చేరలేదు. వయసుతో పాటు క్షీణించేది అండం. దాత అండంతో వచ్చిన ఫలితాన్ని సొంత అండపు ఫలితంతో కలిపి చూపరాదు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం నేడు మహిళలకు 50 ఏళ్లు, పురుషులకు 55 ఏళ్లు గరిష్ఠ వయసుగా నిర్ణయించడాన్ని ఈ సభ సమర్థిస్తున్నది.

25. మూలికలు, నాటుమందులు, ఇతర వైద్య పద్ధతుల విషయంలో ఈ సభ స్పష్టం చేస్తున్నది: ఎవరి నమ్మకం వారిది. మందుగా అమ్మే ప్రతిదానికీ మాత్రం ఒకటే కొలమానం వర్తిస్తుంది. ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి బిడ్డలు పుట్టారు, ఇవ్వనివారిలో ఎంతమందికి పుట్టారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని మందును సంతాన చికిత్సగా ఈ సభ గుర్తించదు.

నాల్గవ భాగం: విచారం, ఖండన

26. ఈ సభ విచారం వ్యక్తం చేస్తున్నది: హోర్డింగుల మీద, సెల్‌ఫోన్ తెరల మీద కనిపించే విజయ శాతాల కింద వయసు గాని, కాలం గాని, ఎంతమందిలో వచ్చిన ఫలితమో గాని ఉండదు. నవ్వుతున్న పసిపిల్లల బొమ్మ ఒక్కటే ఉంటుంది. బిడ్డ పుడుతుందని హామీ ఇచ్చే ప్యాకేజీలను ఈ సభ ఖండిస్తున్నది. వైద్యంలో ఎవరూ ఇవ్వలేని హామీ అది.

27. ఈ సభ విచారం వ్యక్తం చేస్తున్నది: ఒక్క ఐవీఎఫ్ ప్రయత్నానికి లక్ష రూపాయలకు పైగా ఖర్చవుతుండగా, చాలా కుటుంబాలు పుస్తెలతాడు కుదువపెట్టి, పొదుపు సంఘంలో అప్పు తీసి, పొలం అమ్మి ఆ మొత్తం కడుతున్నాయి. ఆయుష్మాన్ భారత్ పథకం సంతాన చికిత్సలను తన పరిధి నుంచి మినహాయించింది. వ్యాధి అని ఒప్పుకుంటూ వైద్య సాయం నిరాకరించడం న్యాయం కాదు.

28. ఈ సభ ఖండిస్తున్నది: పిల్లలు కలగలేదన్న కారణంతో మహిళను శుభకార్యాలకు దూరం పెట్టడం, పుట్టింటికి పంపడం, భర్తకు పరీక్ష చేయించకుండానే మారు మనువు మాట ఎత్తడం హింస. దాన్ని ఆచారంగానో, కుటుంబ వ్యవహారంగానో ఈ సభ పరిగణించదు.

29. ఈ సభ తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నది: 2025లో హైదరాబాద్‌లో అద్దెగర్భం పేరిట దంపతులను మోసగించి, వారితో రక్తసంబంధం లేని శిశువును అప్పగించారన్న ఆరోపణలపై పోలీసులు కేసు నమోదు చేశారు. దోషులను తేల్చవలసింది న్యాయస్థానం. అయితే ఫలితాలను ఎవరూ తనిఖీ చేయని చోట ఇలాంటి ఆరోపణలకు ఆస్కారం ఎప్పుడూ ఉంటుందని ఈ సభ హెచ్చరిస్తున్నది.

ఐదవ భాగం: చట్టం ఏం చెబుతున్నది

30. ఈ సభ గుర్తిస్తున్నది: 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2022 జనవరి 25న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రతి కేంద్రమూ నమోదు కావాలి, ఫిర్యాదుల విభాగం నడపాలి. తమ కేంద్రంలో విజయావకాశాలు, లాభనష్టాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, ఒకరికి మించి బిడ్డలు కలిగే ప్రమాదం దంపతులకు వివరించి, వారు తెలిసి నిర్ణయం తీసుకునేలా తోడ్పడాలి.

31. ఈ సభ ప్రత్యేకంగా గుర్తిస్తున్నది: దేశంలోని కేంద్రాలన్నిటి సేవల వివరాలనూ, ఆ సేవల ఫలితాలనూ క్రమం తప్పకుండా సేకరించే బాధ్యతను అదే చట్టం జాతీయ రిజిస్ట్రీకి అప్పగించింది. సేకరించిన ఫలితాలు దంపతుల చేతికి అందితేనే ఆ బాధ్యత నెరవేరినట్టు.

32. ఈ సభ గమనిస్తున్నది: బ్రిటన్‌లో 1990 నాటి చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ కేంద్రాలవారీ ఫలితాలను ప్రజలకు అందిస్తున్నది, అదనపు సేవల రుజువులకు శ్రేణులు ఇస్తున్నది. అమెరికా 1992లోనే కేంద్రాలు విజయ శాతాలను నివేదించాలని చట్టం చేసింది. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యం కాదు.

33. ఈ సభ అభినందిస్తున్నది: 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో తెలంగాణ ప్రభుత్వం ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ వైద్యం ఈ రంగంలో అడుగుపెట్టడం పేదలకు ఊరట. ప్రభుత్వ కేంద్రం తన ఫలితాలను తానే ముందుగా ప్రకటిస్తే ప్రైవేటు రంగానికీ ఒరవడి ఏర్పడుతుంది.

ఆరవ భాగం: తీర్మానాలు

పై అంశాలను పరిగణనలోకి తీసుకుని ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

34. జాతీయ రిజిస్ట్రీకి చేరే ఫలితాలను కేంద్రాలవారీగా, మహిళల వయసువారీగా ఏటా ప్రజలకు ప్రకటించాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరాలని ఈ సభ తీర్మానిస్తున్నది. ఆ పట్టికలు తెలుగుతో సహా అన్ని భారతీయ భాషల్లోనూ ఉండాలి.

35. ఫలితం అంటే మొదలైన చికిత్సకు సజీవ జననం అన్న ఒకే నిర్వచనాన్ని దేశమంతటా అమలు చేయాలని, దాత అండాల ఫలితాన్ని విడిగా చూపాలని ఈ సభ తీర్మానిస్తున్నది. మధ్యలో ఆగినవి, పోయిన గర్భాలు, కవలల కాన్పులు అదే పట్టికలో కనిపించాలి.

36. కేవలం తేలికపాటి కేసులు తీసుకుని శాతాలు పెంచుకునే ధోరణికి తావు లేకుండా, ప్రతి కేంద్రమూ చికిత్స చేసిన జంటల వయసు, కారణం, అంతకుముందు విఫలమైన ప్రయత్నాల వివరాలను ఫలితంతో పాటు ప్రకటించాలని ఈ సభ తీర్మానిస్తున్నది. కష్టమైన కేసులు తీసుకునే వైద్యుడు పట్టికలో నష్టపోకూడదు.

37. వయసు, కాలం, జంటల సంఖ్య లేకుండా విజయ శాతం ప్రకటించడాన్ని, ఫలితానికి హామీ ఇవ్వడాన్ని నిషేధించే నిబంధన తేవాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

38. చికిత్స మొదలుపెట్టే ముందు ప్రతి జంటకూ తెలుగులో ఒక పత్రం ఇవ్వాలని ఈ సభ తీర్మానిస్తున్నది. అందులో తేలిన కారణం, ఉన్న దారులన్నీ, వేచి ఉంటే అవకాశం, ప్రతి దారికీ ఆ జంట వయసులో సజీవ జననపు అంచనా, ఖర్చు, ప్రమాదాలు రాసి ఉండాలి. చదవలేనివారికి నర్సు చదివి వినిపించాలి. సంతకం ఆ తర్వాతే.

39. వీర్య పరీక్ష, అండం విడుదల నిర్ధారణ, అవసరమైతే ట్యూబుల పరీక్ష పూర్తి కాకుండా ఐవీఎఫ్ సూచించరాదని ఈ సభ తీర్మానిస్తున్నది. క్యాన్సర్ చికిత్సకు ముందు అండాలో వీర్యమో భద్రపరచడం వంటి అత్యవసర సందర్భాలకు ఇది వర్తించదు.

40. రుజువు కాని అదనపు సేవలకు డబ్బు తీసుకోరాదని, వాటిని నైతిక సంఘం అనుమతి గల పరిశోధనలో భాగంగా మాత్రమే ఉచితంగా చేయాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

41. చిన్న వయసు మహిళల్లో మొదటి బదిలీకి ఒక్క పిండాన్నే పెట్టడం నియమంగా ఉండాలని, మినహాయింపుకు కారణాన్ని రికార్డులో రాయాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

42. ప్రతి బోధనాసుపత్రిలో సంతానలేమి ఓపీ, వీర్య పరీక్ష, పీసీఓఎస్ మందులు, ఐయూఐ, రీకానలైజేషన్ ఉచితంగా అందించాలని, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక్కో ప్రాంతానికి ఒక ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ఉండాలని ఈ సభ తీర్మానిస్తున్నది. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తివేసి, జనాభా తగ్గుదలపై ఆందోళన చెందుతున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఒక్క బిడ్డకైనా నోచుకోని దంపతుల పక్షాన ముందుగా నిలవాలని కోరుతున్నది.

43. ఆరోగ్య బీమా, ప్రభుత్వ ఆరోగ్య పథకాలు సంతానలేమిని వ్యాధిగా పరిగణించి, రుజువైన చికిత్సలకు, నిర్ణీత ప్రయత్నాల వరకు ఖర్చు భరించాలని ఈ సభ తీర్మానిస్తున్నది. అప్పుల మీద ఆధారపడ్డ చికిత్స దంపతులను మధ్యలోనే నిలిపివేస్తున్నది. రుజువైన చికిత్స కూడా అలా మధ్యలో ఆగితే దాని ఫలితం వారికి అందదు.

44. ఆశా కార్యకర్తలకు, పల్లె దవాఖానాల సిబ్బందికి ఈ విషయంపై శిక్షణ ఇవ్వాలని, ఏడాది దాటినా గర్భం రాని జంటను, మహిళ వయసు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరినీ కలిపి పరీక్షకు పంపాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

45. చికిత్స ఫలించని దంపతులకు ఆ మాటను స్పష్టంగా, గౌరవంగా చెప్పడం వైద్య బాధ్యతలో భాగమని ఈ సభ తీర్మానిస్తున్నది. ఆపవలసిన చోట ఆపమని చెప్పే వైద్యుడికి ఈ సభ అండగా ఉంటుంది. కౌన్సెలింగ్, దత్తత వివరాలు, పిల్లలు లేకుండానే నిండుగా జీవించే హక్కుకు సమాజం మద్దతు ఆ దంపతులకు అందాలి.

46. ఈ సభ సభ్యులైన వైద్యులు తమ కేంద్రాల ఫలితాలను, చట్టం బలవంతం చేసేదాకా ఆగకుండా, పై 35వ, 36వ అంశాల్లో చెప్పిన రూపంలో స్వచ్ఛందంగా ప్రకటించడానికి అంగీకరించిన సంగతిని ఈ సభ నమోదు చేస్తున్నది. ప్రకటించని సభ్యుడి పేరును సభ సిఫార్సు జాబితా నుంచి తొలగించాలని తీర్మానిస్తున్నది.

47. ఈ తీర్మానం ప్రతులను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖకు, జాతీయ రిజిస్ట్రీకి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలకు, రెండు రాష్ట్రాల సహాయక పునరుత్పత్తి నియంత్రణ మండళ్లకు పంపాలని, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక్కో అంశంపై జరిగిన పనిని సభ ముందు ఉంచాలని కార్యవర్గాన్ని ఆదేశిస్తూ ఈ సభ తీర్మానిస్తున్నది.

కార్యవర్గం ప్రతిపాదించగా, చికిత్స పొందిన దంపతుల ప్రతినిధులు బలపరచగా, ఈ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.